300 కేజీల పిండిమర మూడడుగుల అరుగు ఎక్కాలంటే ఆరుగురు కావాలా?

తమ్ముడూ, మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. గుంటూరు కొత్తపేటలో పిండిమర పెట్టుకుంటున్నారు. 300 కేజీల మిషను సందు మొదట్లో దించేసి లారీవాడు వెళ్ళిపోయాడు. షాపు గచ్చు రోడ్డుకు 3 అడుగుల ఎత్తులో ఉంది, సందులోకి క్రేను రాదు. ముఠా మేస్త్రి ఆరుగురు మనుషులు లేనిదే కాదంటున్నాడు. పలకలు వేసి ఇద్దరు ముగ్గురితో లాగించలేమా అన్నది మొదటి ప్రశ్న. ఎనిమిదో తరగతి చదివే మీ అబ్బాయి "పలక వేసినా పనేం తగ్గదు నాన్నా, మా సైన్సు పుస్తకంలో ఉంది" అన్నాడట. పని తగ్గకపోతే పలక ఎందుకు వేయడం అన్నది రెండోది.

ముగ్గురితో అవుతుంది. మీ అబ్బాయి చెప్పిందీ నిజమే. విజయవాడ ఆటోనగర్‌లో మిషన్లు దించడం, ఎక్కించడం, బిగించడం మీదే బతికినవాణ్ణి కాబట్టి కాస్త సాగదీసి చెప్తాను. తొందరగా ఉంటే చివరి పేరాలు చదువుకుని పని మొదలుపెట్టండి, మిగతాది రాత్రికి అబ్బాయితో కూర్చుని చదవండి.

ముందు అబ్బాయి లెక్క చూద్దాం. 300 కేజీలను 3 అడుగులు, అంటే సుమారు 0.9 మీటరు, పైకి చేర్చాలి. 300 × 9.8 × 0.9 వేస్తే 2,650 జౌల్‌లకు కాస్త అటూ ఇటూ వస్తుంది. ఆరుగురు ఎత్తినా అంతే, పలక మీద లాగినా అంతే, క్రేను లేపినా అంతే. ఘర్షణ కలిస్తే ఇంకొంచెం పెరుగుతుంది గానీ తగ్గడం అన్నది ఉండదు. బలంలో కలిసొచ్చింది దూరంలో పోతుంది, ప్రకృతిని ఏ యంత్రమూ మోసం చేయలేదు అని గెలీలియో 1600 ప్రాంతంలోనే తేల్చాడు. అంతకుముందు చాలామంది పెద్దవాళ్ళే యంత్రంలో ఏదో మాయ ఉందనుకున్నారు, కాబట్టి మీకు అనుమానం రావడంలో తప్పేం లేదు.

ఇప్పుడు ఆ 2,650 జౌల్‌లు ఎంతో చూడండి. చెంచాడు పంచదారలో 16 కిలో కేలరీల దాకా ఉంటాయి. మన 2,650 జౌల్‌లు ముప్పాతిక కిలో కేలరీ కూడా కావు. ఒంట్లో కండరం తిన్నదాంట్లో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుస్తుంది, మిగతాదంతా వేడిగా పోతుంది. ఆ నష్టం కలుపుకున్నా 3 కిలో కేలరీలు. అంటే మీ మర మొత్తం పైకెక్కడానికి కావాల్సింది చెంచా పంచదారలో ఐదో వంతు. ఒక్క మనిషి పొద్దున తాగిన టీలో అంతకు చాలా రెట్లు ఉంది.

మరి ఆరుగురు ఎందుకు? మనిషికి కొరత శక్తి కాదు, ఒక్క క్షణంలో పెట్టగలిగే బలం. ఆరుగురు ఒక్క పట్టున "హైలెస్సా" అని రెండు సెకన్లలో లేపారనుకోండి. అప్పుడు 1,300 వాట్లు, ఒకటిన్నర హార్స్‌పవర్ పైమాటే, అందరూ కలిసి ఒకేసారి ఇవ్వాలి. రోజంతా కష్టం చేసే కూలీ ఆగకుండా ఇవ్వగలిగింది 75 వాట్ల లెక్కన ఉంటుంది. అదే పనిని ఒక నిమిషం మీద పరిస్తే 44 వాట్లే. అది ఒక్క మనిషి చేయగలడు. మూడు లక్షల బండి ఒక్కసారి డబ్బు కట్టి కొనలేనివాడు వాయిదాల్లో కొన్నట్టు, వాలు పలకా గునపమూ కప్పీ బలాన్ని వాయిదాల్లో కట్టించుకుంటాయి. మొత్తం తగ్గదు, పైగా ఘర్షణ రూపంలో వడ్డీ పడుతుంది. కానీ ఒక్కో వాయిదా మన చేతికి అందేంతలో ఉంటుంది.

ఇంకో సంగతి పుస్తకం చెప్పదు. బస్తా నెత్తిన పెట్టుకుని కదలకుండా పది నిమిషాలు నిలబడితే భౌతికశాస్త్రం లెక్కలో చేసిన పని సున్నా. కానీ కాళ్ళు వణుకుతాయి, చెమట కారుతుంది. కండరం బిగబట్టి ఉన్నంతసేపూ లోపల శక్తి ఖర్చవుతూనే ఉంటుంది, వస్తువు కదిలినా కదలకపోయినా. అందుకని మనిషి అలసట ఎంత పని జరిగింది అన్నదాని మీద కంటే ఎంత బలం, ఎంతసేపు, ఏ భంగిమలో పెట్టాడు అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఆ మూడింటినీ మార్చేది ఏదైనా కష్టం తగ్గిస్తుంది, పని అంతే ఉన్నా సరే.

ఇది మీ ఊళ్ళోనే చూడొచ్చు. మిర్చి యార్డుకు సీజన్లో వెళ్ళి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీలను గమనించండి. 40, 45 కేజీల టిక్కీని ఎవడూ చేతులు చాపి పట్టుకోడు. నెత్తికో వీపుకో ఎత్తుకుని, వెన్నెముక మీదుగా బరువు నేరుగా కాళ్ళలోకి దిగేలా నడుస్తాడు. మన వెన్ను ఒక తులాదండం, అంటే లీవరు, అదీ మనకు అచ్చిరాని రకం. నడుము కండరం వెన్నుపూసకు వెనక 5 సెంటీమీటర్ల దూరంలో లాగుతుంది. బరువును ముందుకు 40 సెంటీమీటర్లు చాపి పట్టుకుంటే, 45 కేజీలకు ఆ కండరం 360 కేజీల లాగుడు లాగాలి. అదే బరువు నెత్తి మీదుంటే ఆ దూరమే లేదు. మోచేతిలోనూ ఇదే కథ. కండ మోచేతి కీలుకు 4, 5 సెంటీమీటర్ల దగ్గరే అతుక్కుని ఉంటుంది, అరచేయి 35 సెంటీమీటర్ల అవతల. 5 కేజీల బకెట్టు పట్టుకుంటే లోపల 35, 40 కేజీలు లాగుతుంటాం. బడిలో మూడో రకం తులాదండం అని చెప్పేది ఇదే. బలంలో నష్టపోయి వేగంలో, దూరంలో లాభపడే ఏర్పాటు. చీపురూ పట్టుకారూ ఈ కోవలోవే. దేవుడు మనకు బంతి విసరడానికి చేతులిచ్చాడు, బస్తాలెత్తడానికి కాదు. (అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగ కూలీకి 55 కేజీలకు మించి మోయించొద్దని సిఫారసు చేసింది. మన వైపు 75 కేజీల ధాన్యం బస్తాలు మోసిన తరం ఇంకా నడుము పట్టుకుని నడుస్తోంది.)

ఒంట్లో లేని ఆ అనుకూలతను బయటినుంచి తెచ్చిపెట్టేదే గునపం. ఇక్కడ కాస్త నిదానిస్తాను, మీ పనిలో సగం దీనితోనే అవుతుంది.

అయిదడుగుల గునపం తీసుకోండి. మొన మర కింద దూర్చి, మొనకు 4 అంగుళాల దూరంలో కింద ఒక చెక్క దిమ్మ పెట్టండి. ఇవతల మిగిలింది 56 అంగుళాలు. 56ను 4తో భాగిస్తే 14. మీరు మరను ఒక పక్కే లేపుతున్నారు, అవతలి అంచు నేల మీదే ఉంది, అంటే గునపం మీద పడేది సగం బరువు, 150 కేజీలు. దాన్ని 14తో భాగిస్తే 11 కేజీలు. చేత్తో 11 కేజీలు కిందికి నొక్కితే 300 కేజీల మర ఒక పక్క లేస్తుంది. మీ అబ్బాయి లేపగలడు, లేపనివ్వండి, జన్మలో మర్చిపోడు. మీ చేయి 14 అంగుళాలు దిగితే మర లేచేది ఒక్క అంగుళం. ఆ అంగుళంలో ఒక చెక్క దూర్చి, గునపం తీసి, రెండో పక్కకు వెళ్ళి మళ్ళీ లేపి అక్కడా చెక్క దూర్చాలి. ఇలా పక్కా పక్కా మార్చుకుంటూ చెక్కల మీద చెక్కలు పేర్చుకుంటూ పోతే పలక గానీ తాడు గానీ లేకుండా మూడడుగులేం ఖర్మ, ఎంతైనా లేపొచ్చు. మేం దీన్ని ప్యాకింగ్ వేసి లేపడం అంటాం. టన్నుల బరువుండే లేత్ మిషన్లు ఇలా లేచాయి. ఆలస్యం ఒక్కటే దోషం.

దిమ్మ ఎక్కడ పెట్టారన్నదే గునపం పనితనం. కొత్తవాళ్ళు దిమ్మను సగానికి పెట్టి, వాళ్ళ బరువంతా వేసి ఊగుతుంటారు. దిమ్మ మొనకు దగ్గరయ్యేకొద్దీ బలం పెరుగుతుంది, లేచే ఎత్తు తగ్గుతుంది. దిమ్మ కింద నేల మెత్తగా ఉంటే బరువు లేవదు, దిమ్మే దిగబడుతుంది. దిమ్మ కింద ఇనప పలక ముక్క వేయండి, సరిపోతుంది. ఇంకో మాట, గునపం మీద కాలు అటూ ఇటూ వేసి గుర్రం ఎక్కినట్టు కూర్చోవద్దు, మీద గడ్డం ఆనించి తొంగి చూడొద్దు. మొన జారిందంటే అవతలి కొస పైకి తన్నే తన్నుడు దవడ విరగ్గొడుతుంది. చెక్క దూర్చేవాడు చెక్కను ఇంకో కర్రతో తోయాలి, వేళ్ళతో కాదు.

ఇదే సూత్రం తిరగేస్తే అడకత్తెర. కీలు ఒక కొసన, చేయి ఒక కొసన, నడుమ పోకచెక్క. మీ షాపులో చక్రం నట్లు విప్పే పానా కూడా తులాదండమే. పానాకు పైపు తొడిగి పొడవు రెండింతలు చేస్తే మెలిపెట్టే బలం రెండింతలు. తుప్పు పట్టిన నట్టు విప్పడానికి పైపు తొడగడం తప్పదు, ఆటోనగర్ అంతా తొడుగుతుంది. బిగించడానికి మాత్రం తొడగొద్దు. బోల్టు సాగుతున్న సంగతి మామూలు పానాతో చేతికి తెలుస్తుంది. పైపు తొడిగితే ఆ తెలివిడి పోతుంది, టక్కుమని తెగాకే తెలుస్తుంది.

వాలు పలకకు వస్తే, మన ఊళ్ళలో దాని గురించి ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఇంద్రకీలాద్రికి మెట్ల దారీ ఉంది, ఘాట్ రోడ్డూ ఉంది. ఎక్కే ఎత్తు ఒకటే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఘాట్ రోడ్డున ఎందుకు పోతారో వాళ్ళ మోకాళ్ళనే అడగండి. సరుకు రిక్షా తొక్కేవాడు ఎత్తు వస్తే రోడ్డుకు అడ్డంగా పాములా మెలికలు తిరుగుతూ ఎక్కేదీ అందుకే, ఉన్న వాలును తనే పొడుగు చేసుకుంటున్నాడు.

మీకు 12 అడుగుల పలకలు దొరికితే 3 అడుగుల ఎత్తుకు నాలుగింతల లాభం. 300 కేజీలు లాగడానికి 75 కేజీల బలం. ఇది ఘర్షణ లేకపోతే. మరను పొడి చెక్క మీద ఉత్తినే ఈడిస్తే ఘర్షణే ఇంకో 100 కేజీలు మింగుతుంది, మొత్తం 175 అవుతుంది, అప్పుడు మేస్త్రి అడిగిన మనుషులు నిజంగానే కావాలి. పలకలు వేశాక కూడా కదలట్లేదు అని చాలామంది వాపోయేది ఇక్కడే. వాళ్ళు వాలు గురించి ఆలోచిస్తారు, ఘర్షణను వదిలేస్తారు. మర కింద మందంగా ఉండే ఒకటిన్నర అంగుళం జీఐ పైపు ముక్కలు నాలుగైదు వేయండి. ఘర్షణ 10, 15 కేజీలకు పడిపోతుంది. మొత్తం 90 లోపు.

పైపుల దగ్గర ఒక చిన్న విశేషం. మర రెండడుగులు జరిగితే కింద పైపు ఒక్క అడుగే జరుగుతుంది. అందుకే పైపులు వెనకబడిపోయి ఒక్కొక్కటే వెనక నుంచి బయటికొస్తుంటాయి, వచ్చినదాన్ని తీసి ముందు వేస్తుండాలి. మర పక్కకు పోతుంటే మరను తోయకండి, ముందున్న పైపును సుత్తితో కొట్టి కొంచెం ఏటవాలు చేయండి, మర అదే తిరుగుతుంది.

కప్పీల సంగతి. బావి మీద గిలక ఉంది చూడండి, దానివల్ల బలంలో పైసా లాభం లేదు. పది కేజీల బకెట్టుకు పది కేజీలు లాగాలి, కందెన లేక కీచుమంటుంటే పదకొండు. అయినా గిలక లేని బావిలో చేదడానికీ గిలక ఉన్న బావిలో చేదడానికీ ఎంత తేడానో చేదినవాళ్ళకు తెలుసు. గిలక లేకపోతే వంగి నడుముతో పైకి లాగాలి, ఉంటే నిలబడి ఒంటి బరువుతో కిందికి లాగుతాం. బలం అంతే, భంగిమ మారింది. మోట కూడా అంతే తెలివైంది. మోటబావి పక్కన ఎడ్లు నడిచే దారిని బావి నుంచి దూరం పోయేకొద్దీ పల్లానికి తవ్వేవాళ్ళు. నిండిన బాన పైకొస్తున్నప్పుడు ఎడ్లు వాలు దిగుతుంటాయి, వాటి ఒంటి బరువే సగం లాగుతుంది. వాలూ, గిలకా, పశువు బరువూ మూడింటినీ ఒక్క తాడుకు కట్టిన ఆ పేరు తెలియని మనిషికి నేనైతే ఇంజనీరింగ్ డిగ్రీ ఇచ్చేస్తాను.

లాభం కావాలంటే కప్పీ బరువుతో పాటు కదలాలి. తాడు ఒక కొస పైన కట్టేసి, మరకు కట్టిన కప్పీలో నుంచి తిప్పి, రెండో కొస మీరు లాగితే మర రెండు తాళ్ళ మీద వేలాడుతున్న లెక్క, మీ చేతికి సగమే వస్తుంది. తాడు మాత్రం రెండింతలు లాగాలి. చైన్ బ్లాకులో ఇది పళ్ళచక్రాలతో ఇంకా ముదురుతుంది. టన్ను బరువును 30 కేజీల చేతి లాగుడుతో లేపుతుంది, బదులుగా మీటరు లేవడానికి గొలుసు ముప్ఫై నలభై మీటర్లు గలగలా లాగుతూనే ఉండాలి. మీ షాపులో చైన్ బ్లాకు పెట్టే ఆలోచన ఉంటే, దాన్ని ఫ్యాను కొక్కేనికి మాత్రం వేలాడదీయొద్దు. ఈ మాట ఊరికే అనట్లేదు, వేలాడదీసేవాళ్ళున్నారు.

ఏతం కూడా చెప్పాలి, ఎందుకంటే దాని పెద్దన్న మీరు గుంటూరు నుంచి విజయవాడ వస్తే కృష్ణ మీద కనిపిస్తాడు. ఏతం దూలానికి ఒక కొసన బాన, రెండో కొసన రాయి. నిండిన బానను రాయి లేపుతుంది, మనిషి చేసేది ఖాళీ బానను కిందికి దించడం, కొన్నిచోట్ల దూలం మీదే అటూ ఇటూ నడిచి తొక్కడం. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు, ఒక్కోటి 40 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు. 1957లో అవి పెట్టినప్పుడు ప్రతి గేటుకూ అవతలి వైపు కాంక్రీటు దిమ్మ, కౌంటర్ వెయిట్, కట్టారు. గేటు బరువును దిమ్మ మోస్తుంది కాబట్టి పైకి లేపే ఏర్పాటుకు మిగిలేది తేడా బరువూ ఘర్షణా మాత్రమే. 2024 సెప్టెంబరు వరదలో 11.43 లక్షల క్యూసెక్కులు వస్తున్నప్పుడు కొట్టుకొచ్చిన పడవలు ఢీకొని కౌంటర్ వెయిట్లు విరిగాయి. అందుకే అంత కంగారు. గేటు బాగానే ఉన్నా దాని జోడు బరువు పోతే ఆ గేటు ఒక్కసారిగా పూర్తి బరువుతో మీద పడుతుంది. దానికి మూడు వారాల ముందే, ఆగస్టు 10 రాత్రి, తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. రెండు చోట్లా మరమ్మతుకు విశ్రాంత ఇంజనీరు కన్నయ్యనాయుడు గారు రావాల్సి వచ్చింది. తాడులో గానీ గొలుసులో గానీ అన్నిటికంటే బలహీనమైన చోటు ఎంత బలమో, మొత్తం ఏర్పాటు అంతే బలం. మీ పనికి పాత నైలాన్ తాడు వాడబోతుంటే మొత్తం పొడవునా చేత్తో తడిమి చూడండి.

చీలిక గురించి రెండు ముక్కలు చాలు. కత్తిపీట, గొడ్డలి, ఉలి అన్నీ అవే. సన్నగా ఉన్నకొద్దీ తేలిగ్గా దిగుతుంది, త్వరగా మొండిబారుతుంది. చక్రం ఇరుసు గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు, మీ మరకు తిప్పే చక్రం ఉంది కదా.

స్క్రూ మాత్రం వదలను. స్క్రూ అంటే స్తంభానికి చుట్టిన వాలు పలక. లారీ స్క్రూ జాకీ తీసుకోండి. రాడ్డు అర మీటరు, ఒక్క చుట్టు తిప్పితే మీ చేయి 3 మీటర్ల పైన తిరుగుతుంది, జాకీ ఒక సెంటీమీటరు లేస్తుంది. లెక్కకు 314 ఇంతల లాభం రావాలి. నిజానికి నాలుగో వంతే దక్కుతుంది, మిగతా ముప్పాతిక స్క్రూ చుట్ల మధ్య ఘర్షణ తినేస్తుంది. అయినా 20 కేజీల చేత్తో టన్నున్నర లేస్తుంది. మీ అబ్బాయి అడగాల్సిన ప్రశ్న ఇక్కడుంది. ముప్పాతిక పోగొట్టే యంత్రాన్ని ఎవడైనా ఎందుకు వాడతాడు? బాగా గ్రీజు పెట్టి, నున్నగా చేసి, ఆ నష్టం తగ్గించొచ్చు కదా?

తగ్గిస్తే జాకీ నిలవదు. సామర్థ్యం, అంటే పెట్టినదాంట్లో దక్కే వంతు, సగానికి తక్కువున్న స్క్రూ, చేయి తీసేసినా వెనక్కి తిరగదు. ఎక్కువుంటే పైనున్న బరువే దాన్ని తిప్పేసి దిగిపోతుంది. మనం తిట్టుకునే ఘర్షణే అక్కడ లారీని పట్టుకుని ఉంది. చేతిపని చేసేవాడికి బలం పెంచే గుణం ఎంత ముఖ్యమో, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగితే జారిపోకుండా ఉండే గుణం అంతే ముఖ్యం. నూనె జాకీలో ఆ గుణాన్ని ఒక చిన్న వాల్వు మోస్తుంది, దాని సీలు అరిగితే బండి నెమ్మదిగా దిగుతుంది. నూనె జాకీ ఒక్కటే నమ్ముకుని బండి కిందికి దూరకూడదనేది, స్టాండో చెక్క దిమ్మలో పెట్టాల్సిందేననేది అందుకే.

ఈ చూపుతో మీ వాలు పలకను మళ్ళీ చూడండి. పైపులు లేకుండా పొడి చెక్క మీద ఈడ్చినప్పుడు మర బరువెక్కింది గానీ, వదిలేసినా కిందికి జారేది కాదు. ఆ వాలుకు ఆ ఘర్షణ చాలు. పైపులు వేశాక లాగడం తేలికైంది, వదిలేస్తే వెనక్కి దొర్లడమూ అంతే తేలికైంది. తేలిక చేసిన ప్రతిచోటా పట్టి ఉంచే ఏర్పాటు విడిగా చేసుకోవాలి.

దానికి అన్నిటికంటే చవకైనది తాడును స్తంభానికి చుట్టడం. బడి పుస్తకంలో ఆరు సరళ యంత్రాల్లో ఇది ఉండదు. భవానీ ద్వీపానికి పడవలు కట్టేచోట చూడండి, జనంతో నిండిన పడవను ఒక కుర్రాడు గూటానికి రెండు చుట్లు చుట్టి తాడు కొస వేళ్ళతో పట్టుకుని ఆపేస్తాడు. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే ఒక్క చుట్టుకు బలం ఆరింతలు పైన, రెండు చుట్లకు నలభై ఇంతలు పైన. చుట్టు చుట్టుకూ కూడదు, హెచ్చిస్తుంది. మీ తాడు మీద మర లాగే బలం 40 కేజీలుంటే, రెండు చుట్ల అవతల కేజీ పట్టుతో ఆగుతుంది.

సరే, మీ పని. 12 అడుగుల గట్టి పలకలు రెండు, కనీసం రెండంగుళాల మందం, లేదా ఇనప ఛానెళ్ళు. పలక మధ్యలో వంగకుండా కింద ఇటుకలు కాదు, చెక్క దిమ్మలు పేర్చండి. పలక పై కొస గడప మీద కనీసం అడుగు ఆని ఉండాలి, కింది కొస వెనక్కి జారకుండా రోడ్డులో మేకు కొట్టండి. గునపంతో మర ముందు పక్క లేపి పైపులు దూర్చండి. లోపల ఆర్‌సీసీ స్తంభం ఉంటే దానికి గోనెసంచి చుట్టి తాడు ఒక కొస కట్టండి, కప్పీ మరకు, కింద అడుగు భాగం దగ్గర, కట్టండి. పైన మోటారు బిగించే చోట కడితే మర తలకిందులవుతుంది. తాడు రెండో కొసను ఇంకో స్తంభానికో గోడ బయట అడ్డం పెట్టిన దుంగకో ఒకటిన్నర చుట్టు చుట్టి అక్కడ ఒకడు ఉండాలి, లాగేవాడు లాగుతుంటే వదులైన తాడు అందుకుంటూ. లాగాల్సిన బలం 50 కేజీల లోపు. తాడు 24 అడుగులు లాగాలి. 50 కేజీలే అనుకుని అబ్బాయితో లెక్క వేయించండి, 3,500 జౌల్‌ల పైనే వస్తుంది. మన 2,650 పోను మిగతాది ఘర్షణకు కట్టిన వడ్డీ.

మూడోవాడు పైపులు మార్చేవాడు. వాడు మరకు పక్కన ఉండాలి, ఏ పరిస్థితిలోనూ వెనక ఉండకూడదు. ప్రతి అడుగుకూ మర వెనక చీలిక దిమ్మ అడ్డం పెట్టుకుంటూ రావాలి. రోడ్డు మీద నిలబడి సలహాలిచ్చేవాళ్ళను, ముఖ్యంగా పిల్లలను, పలకకు సూటిగా ఉన్న దారిలోంచి తప్పించండి. గడప దగ్గర మర వాలు నుంచి సమతలానికి తిరిగేటప్పుడు ముందుకు ఒక్కసారి ఊగుతుంది. అక్కడ లాగడం ఆపి, గునపంతో నెమ్మదిగా దాటించండి. జనం తొందరపడి పైపుల మీద వేలు పెట్టేది అక్కడే.

మేస్త్రితో కూలి ఆరుగురిదే మాట్లాడుకున్నా నష్టం లేదు, ముగ్గురు లాగుతుంటే ముగ్గురు మార్చుకుంటారు. లోపలికి వచ్చాక పైపులు తీయడానికి కూడా గునపం, చెక్కలే వాడండి, ఒక్కసారి పడేయొద్దు, బేరింగులు దెబ్బతింటాయి. అడుగున నాలుగు మూలలా రసమట్టం పెట్టి చూసి, పల్లంగా ఉన్నచోట రేకు ముక్కలు వేసి, అప్పుడు ఫౌండేషన్ బోల్టులు ఎదురెదురు మూలలుగా, పానాకు పైపు తొడగకుండా బిగించండి.